మాబు సాహెబ్ కంటిరెప్ప

పట్టకారుతో సన్నని స్క్రూ పట్టుకుని మాబు సాహెబ్ నొసలు ఎగదీశాడు. అరవై దాటాక పైరెప్ప తోలు వదులై కంటికి అడ్డంగా వేలాడుతోంది. నొసలు ఎత్తితేనే చూపు. కాని భూతద్దాన్ని కంటిగుంతలో బిగించాలంటే కనుబొమ దించాలి. దించితే రెప్ప వాలుతుంది. నంద్యాల బస్టాండు ముందర ముప్పై ఏళ్ళుగా కీ ఇచ్చే గడియారాలు బాగుచేస్తున్న మనిషి, ఆ రెంటి మధ్యా చిక్కి మూడోసారి స్క్రూ జారవిడిచాడు.

"నిద్రపోతాండావా మాబన్నా? నా ఆళ్ళగడ్డ బస్సు పోతాది," అంది నర్సు దెబోరా. ఆయన బాగుచేస్తున్నది ఆమె చేతి గడియారమే; సెకండ్ల ముల్లు తిరగకుంటే రోగుల నాడి చూడటం కుదరదు.

"కన్ను తెరిసే ఉండాది సిస్టరమ్మా. తోలే అడ్డం పడతాంది."

"కర్నూలుకు పో. ఆ తోలు రోంత కత్తిరించి కుట్లేస్తారు."

"కుట్లు మానేదాకా అంగడి మూస్తే, గిరాకీ ఇంకోని కాడికి మరుగుతాది."

దెబోరా సంచిలోంచి ప్లాస్టరు తీసి, రెప్ప తోలును పైకి లాగి నొసటికి అంటించింది. ఆయన భూతద్దం బిగించాడు. స్క్రూ ఒక్క తూరికే కూర్చుంది. కన్ను మండి నీళ్ళు కారుతున్నా, సెకండ్ల ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగేదాకా చూశాడు.

"ఏడుస్తాండావా ఏందీ?"

"ఇన్నాళ్ళూ ఈ రెప్ప తెరుసుకోలే, ఇప్పుడు మూసుకోదు," అంటూ గడియారం ఆమె చేతిలో పెట్టాడు.