సక్రు అన్న ఎడమ చెయ్యి

ఏళ్లుగా నేనొక చెయ్యి బరువు మోస్తున్నాను. అది నా చెయ్యి కాదు, సక్రు అన్నది. ఇప్పటికీ అది అతని భుజానికే ఉంది, బస్తాలు కూడా ఎత్తుతుంది. కానీ అది పాడైందని ఊరు నమ్మింది, తండా నమ్మింది, చివరికి అతనూ నమ్మాడు. నమ్మించింది నేను. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు. దేవుడికీ సరిగా చెప్పలేదు. దండం పెట్టుకున్న ప్రతిసారీ వేరే కోరికలు అడ్డం వేసుకుని తప్పించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పేరెందుకు లెండి. కేసముద్రం మార్కెట్‌కు పోయే దారిలో నాకో వెల్డింగ్ షెడ్డు ఉండేది, అంతవరకు చాలు. సక్రు అన్న మా ఊరి పక్కనున్న లంబాడీ తండా మనిషి, నాకంటే కొంచెం పెద్ద. కుర్రతనంలో ఇద్దరం ఒకే లారీ మీద క్లీనర్లం. ఒకే ఉస్తాద్ దగ్గర స్టీరింగ్ పట్టాం. ఉస్తాద్ తిట్లు నాకు దక్కేవి, మెచ్చుకోళ్లు అతనికి దక్కేవి. అతను గేరు మారిస్తే పక్కన కూర్చున్నవాడికి కూడా వినబడేది కాదు. నేను మారిస్తే ఊరంతటికీ తెలిసేది.

తర్వాత ఇద్దరం జీపులు తీసుకుని కేసముద్రం నుంచి మానుకోటకు, అంటే మహబూబాబాద్‌కు, జనాన్ని తిప్పేవాళ్లం. అడ్డా మీద రెండు బండ్లూ పక్కపక్కనే ఉన్నా జనం నా బండి ముందు నుంచే నడుచుకుంటూ పోయి అతని బండి ఎక్కేవాళ్లు. ఒకసారి అతని జీపు లేదు, నాది ఖాళీగా ఉంది. ఎండలో నిలబడ్డ ముసలమ్మను ఎక్కమంటే, "సక్రు వచ్చేదాంక ఆగుత బిడ్డా, నీ బండి నడుములు ఇరగ్గొడ్తది" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

నేను జీపు అమ్మేసి షెడ్డు పెట్టుకున్నాను. డ్రైవింగులో ఏమీ మిగలడం లేదని అందరితో చెప్పాను. అసలు సంగతి, రోజూ అతన్ని చూడలేకపోయాను. ఇంకోటి కూడా చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉంది. అతను తండా మనిషి కాకుండా మా ఊరి మనిషే అయి ఉంటే నాకింత కడుపుమంట ఉండేదా? ఉండేది కాదేమో. మా వాళ్లు నన్ను 'ఒరేయ్' అని పిలిచి, అతన్ని 'అన్నా' అని పిలుస్తుంటే నా ఒళ్లు మండిపోయేది.

అప్పుడే తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. నేనూ జెండా పట్టాను, నేనూ గొంతు చించుకున్నాను. జనగామ దగ్గర రాస్తారోకోలో లాఠీలు లేచేసరికి నేను పక్క సందులో ఉన్నాను. సక్రు అన్న ఎవరో ముసలాయనకు అడ్డం నిలబడి ఎడమ ముంజేతి మీద దెబ్బ తిన్నాడు. వాచింది, కట్టు కట్టారు, కొన్నాళ్లకు తగ్గిపోయింది. కానీ ఆ కట్టుతో అతను అడ్డా మీదికి వస్తే కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. దెబ్బ తిన్నవాణ్ని చూసి కుళ్లుకునే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను కుళ్లుకున్నాను. దెబ్బ కూడా అతనికే దక్కాలా అనుకున్నాను.

తర్వాత సమ్మె వచ్చింది. బస్సులు కదలడం ఆగిపోయింది. బస్సుల్లో పోయే టీచరమ్మలు, నర్సమ్మలు కూడా జీపులే ఎక్కాల్సి వచ్చింది. మా జీపుల్లో డ్రైవరుకు ఆనుకుని ముందు సీట్లో కూడా మనుషులు కూర్చుంటారు. మధ్యలో కూర్చున్నవాళ్ల మోకాళ్ల దగ్గరే పొడుగాటి గేరు రాడ్ ఆడుతూ ఉంటుంది. అక్కడ ఆడమనిషి కూర్చుంటే కొందరు డ్రైవర్లకు గేర్లు మార్చే పని ఎక్కువవుతుంది. నేను నడిపిన రోజుల్లో నా చెయ్యి ఎలా ఉండేదో కూడా నాకు తెలుసు. ఇక్కడ దాయను.

ఆ సమ్మె రోజుల్లోనే సక్రు అన్న జీపు తెచ్చి నా షెడ్డు ముందు ఆపాడు. "తమ్మీ, గేరు ఏసినప్పుడల్ల ఆడోళ్ల మోకాళ్లకు తాకుతాంది. ఆళ్లు ముడుసుకోని కూసుంటే నాకే శరమైతాంది. జర గీ రాడ్ పొట్టిగ చెయ్యి, గింత దూరం ఆడకుండ" అన్నాడు. ఎవరూ అడగకుండానే అతనికి తోచింది ఇది. నాకెందుకు తోచలేదు? ఆ ప్రశ్న నా మొహం మీద కొట్టినట్టయింది.

పని పెద్ద కష్టమేమీ కాదు. గేరు రాడ్ మధ్యలో ఒక గుండు ఉంటుంది. దాని పైభాగం డ్రైవరు చేతికి, కిందిభాగం గేరుబాక్సులోకి. పైన కొంత కోసి, గుండు కింద ఒక దిమ్మ వేసి ఎత్తి, కింది కొన కొంచెం పెంచితే, చెయ్యి కాస్త కదిపితే చాలు, గేరు పడుతుంది. మనసు పెట్టే మొదలుపెట్టాను. నిజంగా. కింది కొన అతికించి, గ్రైండరు మీద అరగదీస్తూ ఉన్నాను. అప్పుడే ఊరేగింపు ఏర్పాట్లు చూసే కుర్రాళ్లు వచ్చారు. మర్నాడు మానుకోట దాకా జీపుల ర్యాలీ అట. "ముందు సక్రు అన్న బండే పోవాలె. దెబ్బ తిన్న మనిషి" అన్నారు. నన్ను జెండాలకు ఇనుప పైపులు కోసిపెట్టమన్నారు. సరేనన్నాను.

వాళ్లు వెళ్లాక మళ్లీ గ్రైండరు దగ్గర కూర్చున్నాను. ఆ కొనను ఒక పక్క కాస్త ఎక్కువ అరగదీశాను. చెయ్యి జారి కాదు. తెలిసే చేశాను, ఆపి, చూసుకుని, మళ్లీ తీశాను. అలా అరిగిన రాడ్‌తో ఒకటి పడుతుంది, రెండు పడుతుంది. మూడు మాత్రం రాడ్‌ను మన తొడ వైపు బాగా వాల్చి వేస్తేనే పడుతుంది. అందరూ నెట్టినట్టు నేరుగా నెడితే గరగరమని అరుస్తుంది. సక్రు అన్న వచ్చి షెడ్డు ముందు సందులో ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నాడు. సందులో మూడో గేరు పని ఏముంటుంది? గుంతల తండా దారిలో కూడా రెండే చాలు. "మస్తు చేసినవ్ తమ్మీ" అని భుజం తట్టి పోయాడు.

మర్నాడు డప్పులు, పాటలు, గులాల్. అతని జీపు ముందు. నేను దాని వెనక సీట్లో జెండా పట్టుకుని కూర్చున్నాను. ఊరు దాటి, కాల్వ కట్ట ఎక్కడానికి వేగం అందుకుంటూ రెండు నుంచి మూడుకు మార్చబోయాడు. గరగర. మళ్లీ నెట్టాడు. మళ్లీ గరగర. బండి ఆగిపోయి వెనక్కి జారింది. కట్ట దాకా సాగనంపడానికి వెనక నడుస్తున్న జనం కేకలు పెట్టి పక్కలకు దూకారు. ఒక డప్పు చక్రం కింద పడి నలిగింది. మనిషి పడలేదు, అది ఎవరి పుణ్యమో. అతను బ్రేకు మీద నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

"ఏందో తమ్మీ, మూడు పడ్తలేదు. నువ్వు జర చూడు" అన్నాడు.

అతను దిగాడు, నేను కూర్చున్నాను. ఒకటి. రెండు. రాడ్ తొడ వైపు వాల్చాను. మూడు. చిన్న చప్పుడు కూడా లేదు. కట్ట పైదాకా తీసుకెళ్లి ఆపాను. జనం చప్పట్లు కొట్టారు. సక్రు అన్న ఆ ఎత్తంతా పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"బండిల ఏం లేదన్నా" అన్నాను, అందరికీ వినబడేలా. "నీ చెయ్యే. ఆ దెబ్బకు నరం పోయినట్టుంది. ఇగ జనాన్ని ఎక్కించుకునుడు మంచిది కాదు."

అతను తన ఎడమ చేతిని తిప్పి చూసుకున్నాడు. "గట్లనా" అన్నాడు.

మానుకోట దాకా ముందు బండి నేనే నడిపాను. దారి పొడవునా జనం నాకు చేతులు ఊపారు. సంతోషం వేసిందా అని మీరు అడుగుతారు. వేసింది. అబద్ధం చెప్పను, చాలా సంతోషం వేసింది.

ఆ తర్వాత అతను ఖాళీ పొలాల దారిలో ఒక్కడే నడిపి చూసుకునేవాడట. మూడో గేరు ఒకసారి పడేది, ఒకసారి అరిచేది. భయపడ్డ చెయ్యి బిగుసుకుంటుంది, బిగుసుకున్న చెయ్యి నేరుగానే నెడుతుంది. దవాఖానలో ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు. నరం సంగతి ఎక్స్‌రేలో కనబడదని అతనికి చెప్పింది నేనే. చివరికి జీపు అమ్మకానికి పెట్టాడు. కొనేవాడు ఘనపూర్ నుంచి వస్తున్నాడని తెలిసి, సర్వీసు చేసిస్తానని బండి తెచ్చుకుని ఆ అరిగిన కొన తీసేసి సరైనది అతికించాను. వచ్చినవాడు కట్ట ఎక్కించి దించి, బండి భేషుగ్గా ఉందన్నాడు. సక్రు అన్న తల ఊపాడు. అప్పటిదాకా మిగిలిన అనుమానమేదైనా ఉంటే అది కూడా ఆ రోజుతో తీరిపోయింది.

అతను మార్కెట్‌లో హమాలీగా చేరాడు. పత్తి బస్తాలు, మిర్చి బస్తాలు రెండు చేతులా ఎత్తాడు. అన్ని బస్తాలు ఎత్తే చెయ్యి పాడైనదెలా అవుతుందని ఎవరూ అడగలేదు.

రాష్ట్రం వచ్చింది. తండాలో అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. తెలంగాణ కోసం చెయ్యి పోగొట్టుకున్న మనిషి అని మైకులో చెప్పారు. నేను కింద జనంలో ఉన్నాను. గుండె పగలాలి కదా, భూమిలోకి కుంగిపోవాలి కదా? నాకు కలిగింది అసూయ. నా పాపం కూడా అతనికి శాలువా అయింది. ఇప్పుడు నిజం చెబితే ఆ శాలువా కూడా లాక్కున్నవాణ్ని అవుతానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అది దయా, పిరికితనమా? ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా పిరికితనమనే జవాబు వస్తుంది.

ఈమధ్య నేను కారు కొన్నాను. భూపాలపల్లిలో ఉన్న బిడ్డ దగ్గరికి పోవాలని సక్రు అన్న అంటే ఎక్కించుకున్నాను. ఘనపూర్ దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. ఏమనిపించిందో, పక్కకు ఆపి, "నువ్వు నడుపన్నా" అన్నాను. ఒక్కసారి నడిపితే అతనికే తెలిసిపోతుంది, నేను నోరు విప్పే పని ఉండదని ఆశ. అక్కడ కూడా దొంగ బుద్ధే.

అతను భయం భయంగా వచ్చి కూర్చున్నాడు. గేరు రాడ్ మీద ఎడమ చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి వణికింది. నటన కాదు, నిజంగా వణికింది, మణికట్టు దాకా. ఆ చెయ్యితోనే పొద్దున అతను బియ్యం బస్తా ఎత్తి నా డిక్కీలో పెట్టాడు.

"బస్తా ఎత్తితే ఏం గాదు తమ్మీ. గేరు మీద పెడితేనే గిట్లయితది" అన్నాడు. దిగిపోతూ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఆనాడు నువ్వు పసిగట్టి చెప్పినవ్ కాబట్టి సరిపోయింది. లేకుంటే ఎంతమందిని సంపుదునో. నీ రుణం తీర్చుకోలేను."

నిజం నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఇంత మంచితనం కూడా ఇతనికే ఉండాలా అన్న పాత మంట, ఆ క్షణంలో కూడా, ముందు అదే లేచింది. నేను సీట్లోకి మారి, ఒకటి, రెండు, మూడు వేసుకుంటూ భూపాలపల్లి దాకా నడిపాను. గేర్లు చప్పుడు లేకుండా పడ్డాయి. ఈ కాలం కార్లలో ఎవరు వేసినా అలాగే పడతాయి.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఆ రోడ్డు మీద అతనితో అనలేని మాట ఒక్కసారైనా బయట పెట్టాలని ఇదంతా రాశాను.

నీ చెయ్యి మంచిగనే ఉందన్నా. బండిలనే ఉండె. చేసింది నేనే.