వంగనీకి జాగా

బతుకమ్మ పాటల క్యాసెట్ కోసం రిథమ్ మెషిన్‌లో నేను కట్టిన చప్పట్లు ఎన్నిసార్లు మార్చినా గోడకు మేకులు కొట్టినట్టే వినిపిస్తున్నాయి. నారాయణపేట నుంచి పాలమూరు వెళ్లే బస్సులో ఆ మెషిన్ని ఒళ్లో పెట్టుకుని, మీటలు నొక్కుతూ పళ్లు కొరుకుతున్నాను.

"గా డబ్బాను ఎందుకు తిడుతున్నవ్ బిడ్డా?" అంది పక్క సీట్లో పెద్దామె.

విసురుగా ఇయర్‌ఫోన్ ఆమె చేతికిచ్చాను. "బతుకమ్మ చప్పట్లమ్మా. లెక్క ఎక్కడా తప్పలేదు. అయినా పాణం లేదు."

ఆమె చెవిలో పెట్టుకుని విన్నది. కూర్చున్నచోటే కొంచెం ముందుకు వంగి, చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది.

"దీంట్ల వంగనీకి జాగా ఏది? ఒక చప్పట కొట్టి, వంగి లేసి గదా ఇంకోటి కొడ్తం. గీ డబ్బా నిలబడే కొడ్తాంది."

మెషిన్‌లో స్వింగ్ అని ఒక మీట ఉంది. రెండో దెబ్బను అది కాస్త వెనక్కి జరుపుతుంది. ఎంత జరపాలో మాత్రం మనమే అంకె వేయాలి.

"ఎంతసేపు వంగుతరమ్మా?"

"ఎవరి నడుము వాళ్లది. దానికి లెక్కుంటదా?"

నాకు ఒళ్లు మండింది. మళ్లీ అడిగేలోపే మరికల్ వచ్చింది. ఆమె సంచి తీసుకుని దిగిపోయింది.

ఇన్నేళ్లయినా ఇప్పటికీ చప్పట్లు కట్టాలంటే తలుపేసుకుని, ఒకసారి వంగి లేచి, అప్పుడు అంకె వేస్తాను. ఈమధ్య నడుము పట్టేస్తోంది. రెండో చప్పట మరీ ఆలస్యంగా పడుతోందని పాడేవాళ్లు విసుక్కుంటున్నారు.