దారం చుట్టులో పట్టేంత ఎలక

పాములంటే నాకు భయం లేదు, అసహ్యం. ఈ రెండింటికీ తేడా ఉందని మా చెల్లి ఎప్పుడూ ఒప్పుకోలేదు. తాతల నాడు ఓడెక్కి వచ్చి స్థిరపడిన ఈ పరాయిదేశపు రేవుపట్నంలో, అహ్లోన్ పేటలో మా రెండు గదుల ఇంట్లో, కుట్టుమిషను పక్కన గాజుపెట్టెలో తను ఒక కొండచిలువ పిల్లని పెంచేది. తను సర్కారు బడిలో సైన్సు టీచరు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి ఆ పెట్టె చూపించేది. వాళ్ళు మళ్ళీ అడిగేవాళ్ళు కాదు.

సైన్యం గద్దెనెక్కిన ఏడాది, వాళ్ళ కింద పనిచెయ్యనని తను బడి మానేసింది. రోజూ రాత్రి వీధంతా నిరసనగా గిన్నెలు మోగించేవాళ్ళం. అమ్మ ఇత్తడి పళ్ళెం సొట్టలు పడిపోయింది. బడి మానేసిన టీచర్ల కోసం సైనికులు ఇళ్ళకి రావడం మొదలయ్యాక, చెల్లి వంతెన దాటి తన్లిన్‌లో స్నేహితురాలింట్లో తలదాచుకోవాల్సి వచ్చింది.

బట్టలు సర్దుకోవడానికి తనకి పది నిమిషాలు పట్టింది, పాము సంగతి నాకు చెప్పడానికి అరగంట. పాము ఒళ్ళు ఎక్కడ బాగా లావుగా ఉందో అక్కడ కుట్టుదారం చుట్టి ముడేసింది. ఆ చుట్టుని తోకమీంచి జార్చి తీసి నా చేతిలో పెట్టింది.

"ఎలక ఇందులోంచి దూరాలన్నియ్యా. దూరకపోతే ఎట్టకు. దాని నోరు సూసి మోసపోకు, నోరెంతైనా తెరుస్తాది. అరగడమే కష్టం."

వారానికి ఒకటి. చచ్చిన ఎలకే పెట్టాలి, బతికున్నదైతే పామునే కరుస్తుంది. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు. పాము ఎదిగేకొద్దీ దారం మార్చాలి. రేవు గోదాములో ఇరవై ఏళ్ళుగా సూపర్‌వైజర్ని, ఈ మాత్రం రాదా అన్నాను. తను నమ్మకం లేకుండా నావైపు చూసి వెళ్ళింది.

మొదటి గొడవ అమ్మతోనే. ఆవిడకి పామంటే నాగులచవితి దేవుడు. చిమిండైంగ్ బజారులో పిట్టలమ్మే ముసలాయన దగ్గర తెల్ల ఎలక తెస్తే, సోమవారం, శనివారం గడప తొక్కనిచ్చేది కాదు. దేవుడికి నీచు పెడతావా అని పెట్టెలో పాలగిన్నె పెట్టేది. పాము అందులో స్నానం చేసి బయటికొచ్చేది. రెండు నెలలకి ఆవిడే దారికొచ్చి, బుధవారం తెల్లారితే చాలు, నాగన్నకి తిండి తెచ్చావా అని నా వెంటపడేది.

ఆ వానల్లో జబ్బు వచ్చిపడింది. వీధిలో ఏ ఇంట చూసినా దగ్గు. ఆక్సిజను కోసం జనం వరసలు కట్టారు. మా వీధికి అడ్డంగా వెదుళ్ళు కట్టేశారు. ఇంటికొకరే బయటికెళ్ళాలి, బజారు ఏ రోజు తెరుస్తారో తెలీదు. అందరూ బియ్యం, నూనె, ఉల్లిపాయలు పేర్చుకున్నారు, మేమూ పేర్చుకున్నాం. పామొక్కదానికే నిల్వ లేదు. చచ్చిన ఎలకని ఫ్రిజ్‌లో దాద్దామంటే కరెంటు నిలకడగా ఉండదు. పైగా అది అమ్మ ఫ్రిజ్.

ముసలాయన దగ్గర రెండే మిగిలాయి. ఒకటి దారంలో సరిగ్గా పట్టేది, రెండోది పందికొక్కంత. మళ్ళీ ఎప్పుడొస్తాయంటే ఆయన చేతులెత్తేశాడు. నా గోదాము బుర్ర అక్కడ పనిచేసింది. పెద్దది పెడితే మూడు వారాల దాకా చూసుకోనక్కర్లేదు కదా అని దాన్నే కొని తెచ్చాను. అమ్మ సంగతి సరేసరి, ఇంటికొచ్చినవాళ్ళని అర్ధాకలితో లేపడం ఎరగని మనిషి. ఆకలి రోజులొస్తున్నాయి, కడుపునిండా పెట్టెయ్యమంది. దారం తీసి చూశాను కూడా. ఎలక నడుం దగ్గర ఆగిపోయింది. కాస్త లాగితే పోతుందిలే అని లాగాను. తెగింది. ఆ ముక్కని కిటికీలోంచి పారేశాను.

పాము చాలాసేపు అవస్థపడి మింగింది. ఒంటిమీద పొలుసులు ఎడంగా విడిపోయేంత సాగింది. అమ్మ తృప్తిగా దణ్ణం పెట్టుకుంది. మూడోరోజు పొద్దున పెట్టె తెరిస్తే ముక్కుపుటాలు పగిలే కంపు. ఎలక సగం కరిగి బయటపడి ఉంది. పాము నీళ్ళగిన్నె పక్కన తల వాల్చేసింది. చెల్లి నన్ను నమ్మి ఒక్క ప్రాణాన్ని అప్పజెప్పింది, దాన్ని నా తెలివితో చంపుకున్నానని ఏడుపొచ్చింది.

మర్నాడు చెల్లి ఎవరి ఫోన్లోంచో మాట్లాడింది. తనకి రెండు నిమిషాలకంటే వీలుండేది కాదు. అంతా బాగుందని చెప్పబోయాను, నోరు రాలేదు. ఉన్నది చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"రెండు వారాలు ఏటీ ఎట్టకు. నీళ్ళుంటే సాలు. కక్కేసిన కడుపు పచ్చిపుండులాగుంటాదన్నియ్యా. తరవాత సిన్న పిల్ల ఎలక. అది అరిగితే ఇంకొంచెం పెద్దది. జాలిపడి ఎక్కువెట్టేవా, సంపేస్తావ్."

ఆ రెండు వారాలు అమ్మ నాతో సరిగా మాట్లాడలేదు. పస్తు పెట్టడమే మందంటే ఆవిడకి మింగుడుపడలేదు. తనూ ఒంటిపూట తిని ఊరుకుంది. గడువు తీరేసరికి ముసలాయన దగ్గరికి మళ్ళీ ఎలకలు వచ్చాయి, నా బొటనవేలంత పిల్లని తెచ్చి పట్టకారుతో పెట్టాను. పాము దాన్ని చాలాసేపు చూసి, పట్టుకుంది. కక్కలేదు. పైవారమూ కక్కలేదు. కొత్త దారంతో కొలిచి, కొంచెం కొంచెం పెంచుకుంటూ వచ్చాం. అమ్మ పెట్టె ముందు పీట వేసుక్కూర్చుని, నెమ్మది, నెమ్మది అని దానికి చెప్పేది.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం చెల్లి వచ్చింది. గుమ్మంలో చూసి గుర్తుపట్టడానికి నాకో క్షణం పట్టింది. జబ్బు తనకీ వచ్చి పోయిందట, మాకు చెప్పలేదు. బుగ్గలు పీక్కుపోయాయి, జాకెట్టు భుజాలమీద నిలవడం లేదు. ముందు పాముని రెండు చేతులా ఎత్తి బరువు చూసుకుంది. బాగానే సాకావంది. నా జన్మలో అంత మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

అమ్మ అన్నం వార్చి, రొయ్యలు వేపింది. ఆవిడ వడ్డన తెలిసినవాణ్ణి, కంచంలో కొండ లేస్తుందనుకున్నాను. కానీ చిన్నగిన్నెలో నాలుగు ముద్దల చారన్నం మెత్తగా పిసికి తెచ్చింది. చెల్లి గబగబా తినేసి ఇంకొంచెం పెట్టమంది. అమ్మ గిన్నె తీసేసుకుంది.

"ఇప్పుడికి సాలమ్మా. పస్తులున్న కడుపు, తట్టుకోలేదు. రేపింకొంచెం ఎడతాను. ఎల్లుండికి రొయ్యలు తిందువుగాని."

చెల్లి నావైపు చూసింది. ఎల్లుండి లేదని, రేపు కూడా లేదని అప్పుడు చెప్పింది. సరిహద్దుకి వెళ్ళే బస్సు ఇంకో గంటలో ఉందట, మమ్మల్ని ఒకసారి చూసి వెళ్దామని వచ్చిందట. అమ్మ వంటింట్లోకి పరుగెత్తి రొయ్యల మూకుడుతో వచ్చేసరికి చెల్లి చెప్పులేసుకుంటోంది. నిలబడే ఒక రొయ్య నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు తను దేశం దాటి క్షేమంగానే ఉంది, వీలైనప్పుడు ఫోను చేస్తుంది. ఆ రోజు నిన్ను ఆకలితోనే పంపేశానా అని అమ్మ ప్రతిసారీ అడుగుతుంది. సరిపోయిందమ్మా అంటుంది చెల్లి. అమ్మ నమ్మదు. నేనూ నమ్మను.