చేతికివ్వని నిప్పు

నేను పెద్దగా తిరిగినవాణ్ణి కాదు. రాయచూరు గంజ్ పక్క బజారులో మాకు తాళ్ళు, తాడ్‌పత్రీలు, అంటే టార్పాలిన్లు, అమ్మే దుకాణం ఉంది. దాని వెనకే ఇల్లు. పొద్దున ఇంట్లోంచి దుకాణంలోకి, రాత్రి దుకాణంలోంచి ఇంట్లోకి. పెళ్ళిళ్ళకని లింగసుగూరు దాకా వెళ్ళాను. ఒకసారి దారిలో బస్సు చెడిపోవడం వల్ల కవితాళ అనే ఊరిని కూడా కొంత తీరిగ్గా చూశాను. దేశాటనలో నా అనుభవం అంతవరకే. అలాంటి నేను మబ్బుల మీద ఎగరడం మొదలుపెట్టడానికి కారణం ఎండాకాలం.

మా ఊరి ఎండ గురించి కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం బజారంతా షట్టర్లు సగం దించుకొని కునుకు తీస్తుంది. ఆ వేళలో మెట్లెక్కే మనిషి తాడు కోసం రాడు, నీడ కోసం వస్తాడు. తాడు ధర అడగడం మర్యాద కోసం. ఆ ఖాళీలోనే ఫోన్లోకి ఒక ఆట ఎక్కించుకున్నాను.

అందులో ఎవరినీ చంపక్కర్లేదు. గెలిచేదీ లేదు. శాలువా కప్పుకొన్న చిన్న బొమ్మ ఒకటి దీపం పట్టుకొని ఎడారుల్లో, కూలిన కోటల్లో, మబ్బుల మీద తిరుగుతుంటుంది. అది నేను. ఏయే దేశాల వాళ్ళో నడిపే బొమ్మలు మరెన్నో అదే లోకంలో తిరుగుతుంటాయి. కొత్తవాళ్ళయితే బూడిదరంగు నీడల్లా కనిపిస్తారు. నిప్పు ఇచ్చిపుచ్చుకుంటే రంగులు తేలి ఒకరికొకరు కనబడతారు. మాటలు లేవు. చెయ్యి ఊపొచ్చు, వంగి దండం పెట్టొచ్చు, పిట్టలా కూయొచ్చు, పక్కన కూర్చోవచ్చు. స్నేహం కుదిరినవాళ్ళు చేతులు పట్టుకొని ఎగరొచ్చు. బి.కాం. చదివినవాణ్ణి కదా, ఇందులో లాభమేమిటో ఎంత ఆలోచించినా తేలలేదు. తేలలేదు కాబట్టే వదల్లేకపోయాను.

ఒక మధ్యాహ్నం మా అమ్మ మజ్జిగ తెచ్చి, గ్లాసు ఇవ్వడం మరిచి నా భుజం మీదుగా చూస్తూ నిలబడింది.

"ఏంది రా అది? గా పోరి ఎవరు, దీపం పట్టుకొని తిరుగుతున్నది?"

"నేనే అమ్మా."

అమ్మ నన్నొకసారి, బొమ్మనొకసారి చూసింది.

"వీళ్ళు మాట్లాడరా?"

"మాటల్లేవు ఇందులో."

"మంచి ఊరు," అని స్టూలు లాక్కొని కూర్చుంది. మజ్జిగ ఆమే తాగింది.

ఆ తర్వాత ఆట నాది కాకుండా పోయింది. బొటనవేళ్ళు మాత్రం నావి. ఎటు వెళ్ళాలో, ఎవరి దగ్గర ఆగాలో అమ్మ చెప్పేది. ఎదురైన ప్రతి నీడకూ దండం పెట్టించేది. "పెట్టు. పెద్దోళ్ళు కావచ్చు." పెడితే కొందరు పట్టించుకోకుండా ఎగిరిపోయేవారు. "పనిల ఉన్నరు పాపం," అనేది అమ్మ. నేను గోడలకు గుద్దితే మాత్రం ఇంత దయ ఉండేది కాదు. "మీ నాయిన స్కూటరు కూడ గిట్లనే నడుపుతుండె. వంశం ఎటు పోతది."

దండానికి తిరుగు దండం పెట్టిన బొమ్మ ఒక్కటే. ఎర్ర శాలువా. నిప్పు ఇచ్చింది, తీసుకుంది, చెయ్యి పట్టుకొని మమ్మల్ని ఒక జలపాతం వెనక గుహలోకి తీసుకెళ్ళింది. నేను దారి తప్పినప్పుడల్లా వెనక్కి వచ్చి పిట్టలా కూసి ఆగేది.

"ఎర్ర శాలువామె మంచిది," అంది అమ్మ.

"ఆడో మగో తెలియదమ్మా. ఏ దేశమో కూడా తెలియదు."

"మొగోడైతే ఒకరి కోసం గంతసేపు నిలబడ్తడా?"

గల్లా దగ్గర కూర్చున్న మా ఆవిడ తలెత్తకుండానే, "అత్తయ్య చెప్పింది కరెక్టేనండీ," అంది. మా ఆవిడ తుర్విహాళ దగ్గర క్యాంపు పిల్ల. కాలువ నీళ్ళ కోసం వచ్చి స్థిరపడ్డ ఆంధ్రా కుటుంబం. మా ఇంట్లో ఆడవాళ్ళు రెండు రకాల తెలుగులో ఏకాభిప్రాయానికి వస్తారు.

ఆ ఎండాకాలమంతా మా అమ్మ లోకం చూసింది. ఎర్ర శాలువామె చెయ్యి పట్టుకుంటే మేము ఆమె వెనకే ఎగిరేవాళ్ళం. మంచు కొండలు, నీళ్ళలో మునిగిన ఊళ్ళు, మబ్బుల్లో ఈదే పెద్ద చేపలు. మోకాళ్ళ నొప్పుల వల్ల పక్క వీధి పేరంటానికి కూడా వెళ్ళని మనిషి, చేపను చూసి, "దగ్గరికి పోనియ్యి, ఏమనదు," అంది.

ఆటలో ఒక నియమం ఉంది. కుదిరిన ప్రతి స్నేహానికీ ఆకాశంలో ఒక చుక్క వెలుగుతుంది. కలిసినప్పుడల్లా ఇద్దరూ చేతిలో చెయ్యిపెట్టి నిప్పు ఇచ్చిపుచ్చుకుంటుండాలి. ఒకవైపు నుంచే ఇస్తే చాలదు. చాన్నాళ్ళు ఇవ్వకపోతే చుక్క మసకబారుతుంది, చివరికి ఆరిపోతుంది. ఆరితే ఆ మనిషి మళ్ళీ బూడిద నీడల్లో ఒక నీడ. పేరు ఉండదు, ఊరు ఉండదు, వెతకడానికి దారి ఉండదు. నా ఆకాశంలో చుక్కలు చాలానే ఉండేవి. వాటిలో ఎవరు ఎవరో నాకు తెలియదు. అమ్మ లెక్కలో చుక్క ఒక్కటే.

వానలు మొదలయ్యాక ఎర్ర శాలువామె మధ్యాహ్నాలు రావడం మానేసింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వచ్చేది.

"డ్యూటీ మారినట్టుంది," అంది అమ్మ. సరే, మేమూ వేళ మార్చుకున్నాం. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, గడప దగ్గర పెట్టి వచ్చి కూర్చునేది. నేను గల్లా మా ఆవిడకు అప్పగించి ఇంట్లోకి వచ్చేవాణ్ణి.

మొదటి సాయంత్రం ఎర్ర శాలువామె నిప్పు ఇచ్చింది. అమ్మ తీసుకోమంది. నేను తిరిగి ఇవ్వబోయాను.

"ఆగు రా. దీపాలు పెట్టినంక అగ్గి బయటికి ఇస్తరా ఎవరన్న?"

ఇది మా ఇంట్లో చట్టం. దీపాలు పెట్టాక ఉప్పు, సూది, నిప్పు గడప దాటవు. ఇస్తే లక్ష్మి కూడా వెంట వెళ్ళిపోతుందని నమ్మకం. వ్యాపారస్తుల ఇళ్ళలో లక్ష్మిని అంత తేలిగ్గా బయటికి పంపరు. ఆ నియమం ఫోనుకు వర్తిస్తుందని మాత్రం అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

"అది అగ్గి కాదమ్మా. బొమ్మ."

"బొమ్మైతే మొన్న కొండ మీద వానొస్తే ఆరిపోతదని ఎందుకు ఉరికినవ్?"

ఉరికిన మాట నిజం.

"ఆమెకు అక్కడ తెల్లారుతుండొచ్చు అమ్మా."

"కావచ్చు. అగ్గి పోయేది మన ఇంట్లకెల్లి."

"మరి తీసుకుంటున్నాం కదా?"

"దీపాల యాళ ఇంటికి వచ్చే అగ్గిని వద్దంటరా? దండం పెట్టు."

దండం పెట్టాను. ఎర్ర శాలువామె చెయ్యి చాపి కొంచెంసేపు ఆగింది. ఇంకా ఆగింది. తర్వాత తనూ వంగి దండం పెట్టింది. మరుసటి సాయంత్రం కూడా ఇదే జరిగింది. ఆ తర్వాత కూడా. మెల్లగా ఆమె మాకు కాస్త దూరంగా నిలబడటం మొదలుపెట్టింది. ఆకాశంలో చుక్క తడిసిన అగ్గిపుల్లలా అయింది.

మా ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. "అత్తయ్య చూడకుండా నొక్కెయ్యండీ. ఒక్క నొక్కుడేగా."

"చూడకుండా ఎట్లా? కాటా మీది ముల్లును చూసినట్టు నా వేలునే చూస్తుంటుంది."

"అయితే వేరే వేళకు రమ్మని చెప్పండి."

"మాటలుంటే ఈ గొడవే లేదు."

ఆ వారమంతా అమ్మ చేసిన పప్పులో ఉప్పు కుదరలేదు. ఒకరోజు దుకాణంలో తాడు చుట్ట చుడుతూ తనే ఆ మాట ఎత్తింది.

"బజార్ల అందరికీ నేను దుకాణపామెనే. దానికి ముందు కోడలిని. ఇప్పుడు నీ అమ్మని. గామెకు నేనెవరో తెల్వదు. అయినా ఆగుతది." చుట్ట ముడి వేసింది. "ఆగుతుండె."

"ఒక్కసారి ఇచ్చేద్దామమ్మా."

"చేతికి ఇచ్చుడు కాదు," అంది.

ఆ సాయంత్రం స్టూలు మీద కూర్చోగానే అడిగింది. "దారి పొంటి రాతి స్తంభాలుంటయి గదా, పైన ఒత్తి ఉన్నవి. అవి ఎవరివి?"

"ఎవరివీ కావు. ఎవరైనా వెలిగించొచ్చు. ఎవరైనా దాంట్లోంచి నిప్పు అందుకోవచ్చు."

"అయితే గా స్తంభం కాడికి పోనియ్యి."

వెళ్తుంటే అమ్మ చెప్పింది. తను కొత్త కోడలిగా వచ్చిన గల్లీలో, పక్కింట్లో అందరూ ఖాలా అని పిలిచే ఒక ముస్లిం ఆవిడ ఉండేదట. రంజాన్ నెలలో సరిగ్గా మనం దీపాలు పెట్టే వేళకే వాళ్ళు పొయ్యి వెలిగించాలి. అగ్గిపెట్టె అయిపోతే పక్కింటికే రావాలి. మా నాయనమ్మ ఇవ్వదు. ఇవ్వకుండా ఉండనూలేదు.

"అత్త ఏం చేస్తుండె అంటే, చిప్పల నిప్పు తెచ్చి రెండిండ్ల నడుమ అరుగు మీద పెట్టి, 'ఎవరిదో అగ్గి ఈడ పెట్టిపోయిన్రు' అనుకుంట లోపలికి వస్తుండె. ఖాలా వచ్చి, 'మాలూం నై కిస్‌కా హై', ఎవరిదో ఏమో అనుకుంట తీస్కపోతుండె. ఈమె ఇయ్యలే, ఆమె అడగలే. పొయ్యి మాత్రం మండుతుండె."

"ఖాలాకు తెలుసా అమ్మా, ఆ నిప్పు ఎవరిదో?"

"గల్లీ మొత్తానికి తెల్సు."

ఎర్ర శాలువామె దూరంగా నిలబడి ఉంది. నేను స్తంభం మీది ఒత్తి వెలిగించాను. "ఇప్పుడు ఎనకకు రా," అంది అమ్మ. "ఇంకా. మన చూపు అటు ఉండొద్దు, తిప్పు." బొమ్మను అటువైపు తిప్పి నిలబెట్టాను. ఏమీ తెలియనట్టు నిలబడటం బొమ్మలకు సహజంగా వస్తుంది. అమ్మ మాత్రం స్టూలు మీద మెడ తిప్పుకొని, కంటి చివరనుంచి తెర చూస్తూ కూర్చుంది.

ఎర్ర శాలువామె రాలేదు. స్తంభం మీది మంట కాసేపు వెలిగి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి వెనక్కి వచ్చాం. ఆమె పిట్టలా ఒకసారి కూసింది. మేము పలకలేదు. "పలకొద్దు. అగ్గి ఎవరిదో మనకెర్క లేదు." ఇంకో రెండుమూడు అడుగులు ముందుకు వచ్చింది. స్తంభాన్ని చూసింది, మా వీపు చూసింది. మంట అందుకుంది.

అమ్మ మెడ మళ్ళీ తెర వైపు తిరిగింది. "తెలివి గలది," అంది.

ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు ఇలాగే గడిచాయి. మేము పెట్టడం, ఆమె అందుకోవడం. ఒకనాడు ఆమె కూడా మాకు చేతికివ్వడం మానేసింది. స్తంభం వెలిగించి, వెనక్కి నడిచి, మాకు వీపు పెట్టి నిలబడింది. మా నాయనమ్మ కూడా ఇంత నిష్ఠగా చేసి ఉండదు. ఇదేదో మా దేశపు గొప్ప మర్యాద అనుకున్నట్టుంది. అంతదూరం నుంచి చూస్తే అలాగే ఉంటుందేమో.

చిక్కేమిటంటే, ఆటకు ఈ మర్యాద తెలియదు. చేతిలో చెయ్యిపెట్టి ఇచ్చిందే దాని లెక్కలో ఇవ్వడం. స్తంభం మీది నిప్పు దానికి దారిలో దొరికిన నిప్పు. ఒక సాయంత్రం తెరిచేసరికి ఆకాశంలో ఆ చుక్క లేదు.

నేను ఆటను రెండుసార్లు మూసి తెరిచాను. దారి పొడవునా బూడిద నీడలే. ఎవరికి వాళ్ళు పోతున్నారు. కొందరు స్తంభాలు వెలిగించి, అలాగే ముందుకు ఎగిరిపోతున్నారు.

"ఇందులో ఎర్రది ఏదో ఇక తెలియదమ్మా," అన్నాను చివరికి.

"నువ్వు గమ్మునుండు."

చూస్తూ కూర్చుంది. దుకాణంలో ఎవరో వచ్చిన చప్పుడైంది. "ఏన్రీ, తాడ్‌పత్రి తోర్సి," అని చూపించమంటున్నాడు. మా ఆవిడ కన్నడలో ఏదో చెబుతోంది. తెర మీద ఒక నీడ వచ్చింది. స్తంభం వెలిగించింది. అందరిలాగా ఎగిరిపోలేదు. కొంచెం వెనక్కి నడిచి, వీపు తిప్పి నిలబడింది.

"వచ్చింది," అంది అమ్మ.

మళ్ళీ రంగులు తేలాలంటే చేతిలో చెయ్యిపెట్టి నిప్పు మార్చుకోవాలి. అమ్మ ఇవ్వదు. ఆమె కూడా ఇవ్వదు. నేర్పింది మేమే కాబట్టి తప్పు పట్టడానికి లేదు. అందువల్ల ఒకరికొకరు బూడిద నీడలుగానే ఉండిపోయారు. చేతులు పట్టుకొని ఎగరడం లేదు, చేపలు లేవు. ఈ మాట నేను కొంచెం బాధగానే అన్నాను.

"తిరిగినకాడికి తిరిగినం," అంది అమ్మ. "ఇగ కూసుంటం."

కూర్చోవడం అంటే కూర్చోవడమే. స్తంభానికి అటు ఒక నీడ, ఇటు ఒక నీడ. ఆరిపోతే ఎవరో ఒకరు లేచి వెలిగించి, వెనక్కి వచ్చి కూర్చుంటారు. నా బొటనవేళ్ళకు పెద్దగా పని లేదు. ఉద్యోగం పోయినట్టే, కానీ స్టూలు పక్కన ఉండనిస్తున్నారు. ఆ సాయంత్రం మా ఆవిడ దుకాణంలోంచి పిలిచింది.

"ఏవండీ, పెద్ద తాడ్‌పత్రి కిందికి దించాలి, నా వల్ల కాదు. కొనడానికి వచ్చినాయన నిలబడి ఉన్నాడు."

నేను లేవబోయాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది, తెర మీంచి చూపు తీయకుండా.

"జర ఆగుమను. ఆమె ఇప్పుడే కూసున్నది."