పోనీ అన్న సీసా, ఉండనీ అన్న సీసా

గద్వాల నుంచి అయిజ వెళ్లే దారిలో, పత్తి చేల నడుమ ఉన్న ఇంజెక్షన్ మందుల ఫ్యాక్టరీలో నేను తనిఖీ గదికి సూపర్‌వైజర్‌ని. సూపర్‌వైజర్ ఏం చేస్తాడని అడగకండి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నేనూ అదే కనుక్కుంటున్నాను. పని చేసేది మాత్రం ఆరుగురు ఆడవాళ్లు. వాళ్ల ముందు సగం నలుపు, సగం తెలుపు ఉన్న పలక, పైన మా పాలమూరు ఎండకే చెమటలు పట్టించేంత దీపం. మందు నింపిన చిన్న గాజు సీసాను మెడ దగ్గర పట్టుకుని తిప్పి, లోపల నలుసో, దారప్పోగో ఉందేమో చూడాలి.

వాళ్లలో పెద్దామె మానవపాడు నుంచి రోజూ బస్సులో వచ్చేది. నాతో సహా అందరికీ అక్క. ఆమె చూపు గురించి నేను ఎక్కువ చేసి చెప్పను. కృష్ణ అవతలి గట్టున చీమ తుమ్మితే, ఏ ముక్కుతో తుమ్మిందో చెప్పగలదు. అంతే.

అలాంటి గదిలోకి ఒకరోజు నాలుగు కెమెరాల పెట్టె దిగింది. పెళ్లికూతురిని కూడా అంత జాగ్రత్తగా దింపరు. అది సీసాల ఫొటోలు చూసి, మంచిదేదో చెడ్డదేదో తనంతట తానే నేర్చుకుంటుందట. పరీక్షలో అది నెగ్గితే ఆరుగురినీ ఇళ్లకు పంపేస్తామని మేనేజర్ నా చెవిలో రహస్యంగా చెప్పాడు. ఆయన రహస్యం వనపర్తి దాకా వినపడుతుంది. అక్క విన్నది. చేతిలోని సీసాను ఇంకోసారి తిప్పి చూసింది.

పెట్టెకు చదువు చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఇంజనీరు వచ్చాడు. మా వాళ్లు ఒక్కో సీసా చూసి కెమెరా ముందు పెట్టాలి, నోటితో తీర్పు చెప్పాలి. మంచిదైతే ఆయన ల్యాప్‌టాప్‌లో ఆకుపచ్చ మీట, చెడ్డదైతే ఎర్ర మీట నొక్కాలి. నెల రోజులు గదిలో రెండే మాటలు. "పోనీ." "ఉండనీ." ఆయన వేళ్లు వీణ వాయించినట్టు ఆడుతుంటే, నేను పక్కన నిలబడి ఆ సంగీతాన్ని ఆస్వాదించాను. సాయంత్రం కాగితం మీద సంతకం కూడా చేశాను. సరిగ్గా జరిగింది అని.

పరీక్ష రోజు పెద్దలంతా వచ్చారు. పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టారు. బొట్టు కెమెరా మీద పడితే ఇంజనీరు రుమాలుతో తుడిచాడు. మీట నొక్కగానే టకటకమని సీసాలు పరుగెత్తాయి. దాదాపు అన్నీ ఎర్ర డబ్బాలోకే!

మేనేజర్ వెలిగిపోయాడు.

"చూసిండ్రా! ఇన్నేండ్ల సంది వీళ్లు చెడిపోయిన మందులే బయటికి పంపిండ్రన్నట్టు! మిషిని వచ్చి బయటవెట్టింది. రేపటి సంది ఈ ఆరుగురు రావద్దు."

మిషన్ తప్పు చేసి ఉండవచ్చన్న ఊహ ఆయన తలుపు కూడా తట్టలేదు. అక్క లేచి ఆకుపచ్చ డబ్బాలోని నాలుగైదు సీసాల్లోంచి ఒకదాన్ని తీసి దీపం కింద తిప్పింది.

"సారూ, గీ బుడ్డిల పోగున్నది. మంచిదాంట్ల ఎందుకు వడ్డది?"

"మిషన్ చెప్పింది కదమ్మా," అన్నాడు ఇంజనీరు.

"దానికి చెప్పింది మీరు. సరే, నేను పోనీ అంటే మీరు ఏ మీట నొక్కిండ్రు?"

"ఎర్రది."

"ఎందుకు?"

"పోనీ అంటే... పోతే పోనీ, పారెయ్ అనే కదా? ఉండనీ అంటే ఉంచుకోమని."

ఆరుగురూ మాస్కుల వెనకాల ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వుకు దీపం కూడా రెప్పలు కొట్టింది.

"అయ్యో సారూ! పోనీ అంటే మంచిగున్నది, ప్యాకింగుకు పోనీ అని. ఉండనీ అంటే దాంట్ల ఏందో ఉన్నది, పక్కకు ఉండనీ అని! నెల దినాలు నీళ్లను పాలని, పాలను నీళ్లని నేర్పిండ్రా?"

ఇంజనీరు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆ గదికి కిటికీ లేదు.

అరగంటలో ఎరుపును ఆకుపచ్చ చేశారు. మళ్లీ నడిపారు. ఈసారి పెట్టె పోగునూ నలుసునూ పట్టింది. ఇక వెళ్లండన్నట్టు మేనేజర్ చెయ్యి గేటు వైపు లేచింది. అక్క నోరు మూసుకుని ఊరుకుంటే, మంచి మందంతా ఎర్ర డబ్బాలోకి పోయి రెండు రోజుల్లోనే పెట్టె ఓడిపోయేది, మేనేజర్ మళ్లీ పిలిస్తే ఆమె కుర్చీ మిగిలేది. ఆ ముక్క నేను ఆమె చెవిలో అన్నాను కూడా.

"గట్లెట్ల ఊకుంట సారూ? గా పోగు ఎవని నరంలకో పోతుండె."

అని ఎర్ర డబ్బాలోంచి మూడు సీసాలు ఏరి, ఒక్కొక్కటీ తిప్పింది. లోపలి చుక్క మెల్లగా పైకి తేలి మాయమైంది.

"ఇవి బుడగలు. బుడగ పైకి పోతది, నలుసు కిందికి దిగుతది. మీ మిషిని ఒక్క ఫొటో తీసి ఉరికిచ్చె. ఆగి సూడనే సూడదు."

ఇంజనీరు అవునన్నట్టు తలూపాడు. అనుమానం వచ్చిన సీసాలన్నీ మనుషుల దగ్గరికే రావాలని అక్కడే రాసిచ్చాడు. పెట్టెకు అనుమానం తక్కువేమీ కాదు. మొదటి వారమే ట్రేలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. ఆరు కుర్చీలూ నిండాయి.

మేనేజర్ తట్టుకోలేక అడిగాడు. "ఆగి చూసుడు దానికి నేర్పరాదూ?"

"నేర్పుత సారూ," అంది అక్క, సీసా తిప్పుతూనే. "నాకు నేర్వనీకె మూడు వానకాలాలు వట్టింది. దానికి నాలుగు కండ్లున్నయి గద, నాలుగింటికి నేర్పనీకె ఇంక జర ఎక్కువనే వడ్తది."