జంపక్క కొసరు

చర్ల సంతల ఉప్పంటే జంపక్కే. నేనూ ఉప్పే అమ్ముత, ఆమె పక్కనే కూసుంట. ఇద్దరివీ ఒక్క లారీల దిగిన బస్తాలే, ధర గూడా ఒక్కటే. అయినా గూడేలకెళ్లి వచ్చినోళ్లంత నన్ను దాటి ఆమె ముంగటికే పోతరు. నా కడుపు మండదా?

ఏముందని ఆమెకాడ? మొగుడు పోయినంక ఉప్పుగంప నెత్తిన పెట్టుకొని, వాగులు దాటుకుంట గూడెం గూడెం తిరిగింది. వానకు సగం ఉప్పు కరిగిపోయిన నాడు గూడా, కొలిచినంక పిడికెడు కొసరు వేసుడు మానలే. ఆ పిడికెడుతోనే అందర్నీ బుట్టల వేసుకున్నది. నేను గూడా కొసరేస్త. నా చెయ్యి చిన్నదంట!

2006ల హాస్టల్ నుంచి నా బిడ్డ శ్రావణి పాత క్యాలెండర్ బొమ్మ తెచ్చింది. అండ్ల ఓ ఊరు. ముంగట పెద్ద చెరువు, ఎనక మంచుకొండలు, కిటికీ కిటికీకి పూలు.

"హాల్‌స్టాట్ అమ్మా, ఆస్ట్రియా దేశంల ఉంటది. ఆడ కొండల వేల ఏండ్ల సంది ఉప్పు తవ్వుతున్నరు" అన్నది.

ఉప్పు మీద బతికి గసువంటి ఇండ్లా! ఆ ఊరోళ్ల మీద గూడా కుళ్లుకున్న. అండ్లకెళ్లే ఉపాయం తట్టింది.

ఆ వారం సంతల బొమ్మను నా బస్తా మీద వేలాడదీసిన. "గిది సముద్రం ఉప్పు గాదు, ఈ కొండల తవ్విన ఉప్పు. జంపక్క కాడ దొరకదు" అని చెప్పిన. జనం మూగిన్రు. జంపక్క ఈగలు తోలుకుంట కూసున్నది. నా పానం సల్లబడ్డది.

గంతలనే, గూడెం పెద్ద భీమయ్య దోసిట్ల ఉప్పు మల్ల బస్తాల పోసిండు.

"కొండను అడిగి తవ్విన్రో లేదో మంగ్లమ్మా. కొత్తది ఏదైనా వేల్పుకు పెట్టకుండ మేం నోట్ల పెట్టం. కొత్తల పండుగ అయినంక చూద్దాం."

ఒక్కొక్కళ్లే లేసిపోయిన్రు. ఇగ వచ్చే వారం గూడా నా ఉప్పు ఎవ్వరు ముట్టరు. అబద్ధమాడిన అందామంటే నోరు రాదు.

జంపక్క లేసి వచ్చింది. నా బస్తాల వేలు పెట్టి, అందరి ముంగట నాకింది.

"కొండ లేదు, గిండ లేదు. ఇది నేనమ్మే ఉప్పే. మా చెల్లె బొమ్మ జూసి మురిసింది, గంతే. తీస్కపోండ్రి" అన్నది.

భీమయ్య నవ్వి ముందుగాల ఆయనే కొన్నడు. నేను కొలుస్తాంటే ఆమె నా ఉప్పులకెళ్లే పిడికెడు పిడికెడు కొసరేసింది. పొద్దుగూకకముందే బస్తా ఖాళీ.

పోయేటోళ్లంత ఆమెకు దండం పెట్టి పోయిన్రు. ఉప్పు నాది, పేరు ఆమెది. తిట్టుకుందామన్నా ఆమె మీద ఒక్క మాట దొరుకుతలేదు. గదే నా మంట.