చెల్లెలి నోట ఎవరిదో గొంతు

ఆళ్లగడ్డలో మా చిన్నాయన పరుపుల షాపులో, సగం కుట్టిన పరుపు మీద కూర్చుని నా సినిమాను మొదటిసారి ఇంటివాళ్లకు చూపించాను. ఆరు నిమిషాల సినిమా. ఫోన్లో తీసి, ఫోన్లోనే ఎడిట్ చేశాను. అందులో ఉన్నది మా చిన్నమ్మ కూతురు. రోజూ బస్సులో నంద్యాల వెళ్లి డిగ్రీ చదువుతుంది, సాయంత్రం వచ్చి నాయన పక్కన కూర్చుని పరుపులు కుడుతుంది. సినిమాలో ఆమె దబ్బనం గుచ్చి, దారం లాగి, తలెత్తి మాట్లాడుతుంది. ఉర్దూలో.

మా చెల్లెలికి ఉర్దూ రాదు.

చిన్నమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎవరిదే ఈ గొంతు అని అడిగింది. హైదరాబాద్‌లో నా ఫ్రెండ్‌ది, డబ్బింగ్ చెప్పించానన్నాను. ఎంత బాగా కుదిరిందో చూడమని కూడా అన్నాను. అప్పటికి నాకు అలాగే అనిపించింది. చెల్లెలు ఫోన్ లాక్కుని మళ్లీ మొదటినుంచి చూసింది. తన పెదాలు కదిలే చోట వేలితో ఆపింది. కాస్త జరిపింది. మళ్లీ ఆపింది.

"నా మాటలు యాడికి పోయినాయక్కా?"

మేం దూదేకులవాళ్లం. నమాజు చేస్తాం, రంజాన్‌కు ఒక్కపొద్దులుంటాం. ఇంట్లో మాత్రం తెలుగే. హైదరాబాద్‌లో నేను పెరిగిన వీధిలో అది చెప్పుకునే సంగతి కాదు. స్కూల్లో ఒక పిల్ల "ఉర్దూ రాని ముస్లిమా?" అని నవ్విన రోజు కోపంతో పళ్లు కొరుక్కుంటూ ఇంటికొచ్చాను. ఏడాదిలో నేర్చేసుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు. అమ్మ ఫోన్ చేస్తే మాత్రం ఫ్రెండ్స్ మధ్యలోంచి లేచి, బయటికెళ్లి మాట్లాడేదాన్ని.

నంద్యాలలో కొందరు కుర్రవాళ్లు కలిసి ఒక ఆదివారం ముస్లిం యువత తీసిన చిన్న సినిమాలు వేస్తున్నారని తెలిసి చెల్లెల్ని తీశాను. మనం ఎవరం, ఎక్కడివాళ్లం అన్నది వాళ్లు పెట్టిన విషయం. మొదట తెలుగులోనే ఉంది. అది చూసిన ఆ హైదరాబాద్ ఫ్రెండ్ "బాగుంది కానీ, ఈ అమ్మాయి ముస్లిం అని ఎలా తెలుస్తుంది?" అంది. దేనికైనా కోపం వచ్చే నాకు దానికి రాలేదు. సిగ్గేసింది. ఈ అమ్మాయి ఎవరు అని కూడా అడిగింది. అమ్మ వాళ్ల ఊరివైపు ఎవరో అన్నాను. చెల్లెలి మాటలన్నీ ఉర్దూలో రాసి, ఆ ఫ్రెండ్ చేతే చెప్పించాను.

"నా మొకం తీసేయ్" అంది చెల్లెలు. "లేకుంటే నా మాటలు పెట్టు."

ఆదివారానికి నాలుగు రోజులే ఉందని అరిచాను. సినిమా గురించి నీకేం తెలుసన్నాను. నీ తెలుగు అక్కడ ఎవరు వింటారని కూడా అన్నాను. చిన్నాయన అప్పటిదాకా పరుపు మీంచి తల ఎత్తలేదు. మూల బిగించి, ముడేసి, దారం తెంపాడు.

"పాప చెప్పింది చాలదని నువ్వనుకుంటాండావ్. మేమనుకోల్యా."

బ్యాగు తీసుకుని బయటికొచ్చేశాను. నంద్యాల బస్సెక్కి, చెల్లెలి తెలుగు మళ్లీ విందామని గ్యాలరీ తెరిచాను. అది లేదు. ఫోన్ నిండిపోయిందని పాత వీడియోలన్నీ నేనే డిలీట్ చేశాను. ఫ్రెండ్‌కి పంపింది కూడా చెరిపేయమని నేనే చెప్పాను. మాటల్లేని బొమ్మ, దాని మీద వేరే గొంతు. నా దగ్గర మిగిలింది అంతే. శిరివెళ్లలో దిగిపోయి, రోడ్డు దాటి, ఆళ్లగడ్డ బస్సెక్కాను. పెట్టాల్సింది ఆమె మాటలే. ఎలా అన్నది తర్వాత.

నీ మాటలు పోగొట్టాను, మళ్లీ చెప్పాలి అన్నాను. ఆ రోజు ఏం చెప్పిందో తనకు మాత్రం ఏం గుర్తుంటుందంది చెల్లెలు. తర్వాత లేచి షాపు వెనక గది తలుపు తీసింది. దూది మూటలు అటక దాకా ఉన్నాయి. తలుపేస్తే హైవే మీద లారీ హారన్ కూడా లోపలికి రాలేదు. డబ్బులిచ్చినా దొరకని స్టూడియో. చిక్కల్లా దూది నూగుతోనే. రెండు మాటలకోసారి దగ్గు.

ఫోన్లో బొమ్మ చూస్తూ పెదాలకు మాటలు కలపాలి. పదిసార్లు చెప్పినా కలవలేదు. నాకు చిరాకెత్తి ఫోన్ మూట మీద విసిరాను. ఆమె పడీపడీ నవ్వింది.

"నా నోరే నాకు అందల్యా, చూడక్కా."

కలవకపోతే పోనీ అనుకున్నాం. అప్పుడామె ఒక షరతు పెట్టింది. తనొక్కతే చెప్పదట. నేను అడగాలి, ఆమె జవాబివ్వాలి. నా గొంతు కూడా సినిమాలో వినబడాలి, తెలుగులో. నంద్యాలకు నా ఫ్రెండ్ కూడా వస్తానంది. ఆ మాట చెల్లెలికి చెప్పలేదు. సరే అని రికార్డు నొక్కి, కాలేజీలో నిన్ను ఎవరనుకుంటారని అడిగాను.

"సాయిబుల పిల్లోల్లు దూదేకులదానివంటారు. మిగతావాల్లు సాయిబులదానివంటారు. నేను మూడో బెంచీదాన్ని. ఆడనే కూచుంటా. ఎవురొచ్చి లేపినా లేయను."

ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంగ నేనడుగుతా. నేను నీకేమవుతానో మీ ఫ్రెండ్‌కి చెప్పినావా?"

"లేదు" అన్నాను.

ఎడిట్ చేసేటప్పుడు నా వేలు ఆ ముక్క మీదికి చాలాసార్లు వెళ్లింది. తీయలేదు. ఫ్రెండ్‌కి ఫోన్ చేసి నీ గొంతు తీసేశానని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. అయినా వస్తానంది.

ఆదివారం పదకొండింటికి నంద్యాలలో ఒక హాలు పైఅంతస్తు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. నాకు ఒకవైపు చెల్లెలు, ఇంకోవైపు ఫ్రెండ్. సినిమా మొదలవగానే పెదాలొకటి, మాటలొకటి అయ్యేసరికి వెనక ఎవరో నవ్వారు. చెల్లెలి దగ్గుకు ఇంకాస్త నవ్వారు. మూడో బెంచీ మాట వచ్చినప్పుడు దొర్నిపాడు నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలు గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత చెల్లెలి ప్రశ్న, నా "లేదు". ఫోన్ చూడాలని చెయ్యి లాగింది. జేబులోంచి తీయలేదు.

ఫ్రెండ్ నా చెవి దగ్గర ఉర్దూలో మెల్లగా అడిగింది, ఆ అమ్మాయి నీకేమవుతుందని. చెల్లెలికి అర్థం కాదు. నేనూ ఉర్దూలోనే చెప్పి ఉంటే మా ఇద్దరి మధ్యే అయిపోయేది.

"మా చెల్లెలు" అన్నాను తెలుగులో, వెనక వరసకు కూడా వినబడేలా. "మా చిన్నమ్మ కూతురు. మా ఇంట్లో అందరం ఇట్లాగే మాట్లాడతాం."

చెల్లెలు తెరమీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"నా నోట్లో మాట్లాడిన పిల్ల ఈమేనా?"

అవునన్నాను.

"అయితే నువ్వటు జరుగు. ఆ పిల్లను నా పక్కన కూచోనీ."

జరిగాను.